నాలుగో పాదం

ఉదయం 6.40. మూడంతస్తుల మేడ వెనక సిమెంటు నేల మీద ఒక నర్సు శవం పడి ఉంది.

ఆమె భర్త కొండ మీద గాలిమరల మెకానిక్.

"స్నానం చేసొచ్చేసరికి బాల్కనీ తలుపు బార్లా తెరిచుంది మేడమ్. టేబుల్ మీద ఇది" అంటూ ఇన్‌స్పెక్టర్‌కి కాగితం ఇచ్చాడు.

దస్తూరీ ఆమెదే.

కొండగాలివై వచ్చావు
ఎండ మరిచిన చెట్టుని నేను
పండుటాకులన్నీ రాల్చేశావు

"సూసైడ్ నోటే మేడమ్. ఎవడో ఆశపెట్టి ముంచేశాడు" ఎస్సై తేల్చేశాడు.

ఇన్‌స్పెక్టర్‌కి మింగుడు పడలేదు. కాగితం అంచులు వేలితో తడిమి చూసింది. అడుగంచు బ్లేడుతో కోసినట్టుంది.

11.15. స్టేషన్. నర్సు చెల్లెలు అక్క నోట్‌బుక్ తెచ్చింది. ఎదురు బెంచీ మీద భర్త తల వంచుకుని కూర్చున్నాడు.

"మీ అక్క ఎప్పుడూ ఎన్ని లైన్లు రాసేదమ్మా?"

"నాలుగే. నాలుగింటికీ ప్రాస కుదరాల్సిందే. కుదిరేదాకా నన్ను చంపుకు తినేది."

నోట్‌బుక్ తిరగేసింది ఇన్‌స్పెక్టర్. నిజమే. అన్నీ నాలుగు పాదాలే.

"కొండ, ఎండ, పండు. నాలుగోది ఎక్కడ?" భర్త చెయ్యి పర్సున్న జేబు మీదికి పోయింది. ఆమె అతని వైపు తిరిగింది. "కాగితం మాకిచ్చింది మీరు. పర్సు తియ్యండి."

అతను జేబుని గట్టిగా పట్టుకున్నాడు. ఎస్సై తీశాడు. అందులో సన్నటి కాగితపు పీలిక. కోసిన అంచుకి అతికినట్టు సరిపోయింది.

నిండుగా మళ్లీ చిగురించాను

"చూడవయ్యా" అంది ఇన్‌స్పెక్టర్ ఎస్సైతో. "గాలి ఆకులు రాల్చింది కొత్త చిగురు కోసం. ఇది బతకాలనుకున్న మనిషి రాసిన ప్రేమ కవిత. ఈ పాదం ఉంటే ఆత్మహత్యంటే ఎవరూ నమ్మరు. అందుకే కోశాడు."

భర్త ఒక్కసారిగా లేచాడు.

"ఎవడికి రాశావని అడిగాను! నవ్వింది మేడమ్. నువ్వే కనుక్కో అంది. ఒళ్లు మండి తోసేశాను. వాడెవడో తేల్చుకుందామనే ఆ ముక్క దాచాను."

చెల్లెలు లేచి అతని ఎదుటికొచ్చింది.

"కొండ దిగి ఇంటికొచ్చేది ఎవరు బావా? అమ్మ పోయాక అక్క నవ్వడమే మానేసింది. నిన్ను చేసుకున్నాకే మనిషైంది. ఎల్లుండి మీ పెళ్లిరోజు. నీకిద్దామని రాసుకుంది."

అతను బల్ల మీది పీలిక కోసం చెయ్యి చాచాడు.

ఇన్‌స్పెక్టర్ దాన్ని ఎవిడెన్స్ కవర్లో పెట్టి సీలు వేసింది.