కాళ్లకు నీళ్లు

ఆ ఉదయం శాసనసభ నీటి కమిటీ హాలులో ఎవరూ మాట్లాడటం లేదు. పదకొండు మంది సభ్యులు నుదుటికి ముద్రపట్టీలు కట్టుకుని, కళ్లు మూసుకుని, చెప్పులు విప్పిన పాదాలను నేలమీద మెల్లగా రుద్దుకుంటున్నారు. కమిటీ అధ్యక్షుడి పెదవులమీద పసివాడి నవ్వు కనిపించింది. ఆయన నవ్వగా సొంత పార్టీవాళ్లే ఎన్నడూ చూసి ఎరుగరు.

గోల్ఫ్ సమాఖ్య ప్రతినిధి పరాంకుశం ఒక పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏటా 'గోల్ఫ్ దినం' పేరిట శాసనసభకు వచ్చి, ఆటవల్ల రాష్ట్రానికి ఎంత మేలో సభ్యుల మనసుకు ఎక్కించడం ఆయన ఉద్యోగం. వెనకటి ప్రతినిధులు ఇందుకోసం టోపీలు పంచేవారు, ఉపాధి లెక్కల పుస్తకాలు పంచేవారు, సభ్యులను ఆటకు పిలిచి కావాలని ఓడిపోయేవారు. ఇప్పుడా శ్రమ లేదు. మాట అబద్ధమాడుతుంది, ఒళ్లు ఆడదు అని తేల్చి, విజ్ఞప్తులన్నీ అనుభవముద్రలుగానే ఇవ్వాలని పన్నెండేళ్ల కిందట చట్టం చేశారు. ఒక మనిషి ఒంటికీ మనసుకూ కలిగినదాన్ని ముద్రపట్టీ పట్టి ఉంచుతుంది. మరొకరు కట్టుకుంటే వాళ్లకూ అదే కలుగుతుంది. గోడమీది తూనిక దాని గాఢతను వందకు ఇంత అని చూపిస్తుంది. తూకం ఎక్కువ పలికినవాళ్లకే నీళ్లలో పెద్ద వాటా. అబద్ధాలాడి ఆడి అలసిపోయినవాళ్లు చేసిన చట్టం కాబట్టి అందులో నిజాయితీ ఉంటుందనే అందరూ నమ్మారు.

తూనిక తొంభై ఒకటి చూపింది. పక్కనే పేరు వెలిగింది: ఓబుళమ్మ, పచ్చిక కార్మికురాలు.

తర్వాత ఎర్రవంకపల్లె వంతు. గోల్ఫ్ మైదానానికీ ఆ ఊరికీ నీళ్లిచ్చేది ఒకే కాలువ. ఊరి తరఫున నారప్ప అనే వేరుశనగ రైతు తన ముద్ర ఇచ్చాడు. సభ్యులు పట్టీలు మార్చి కట్టుకున్నారు. గొంతు కొంచెం ఆరినట్టు, నడుము కొంచెం లాగినట్టు అనిపించిందంతే. ఒకాయన ఆవులించాడు. తూనిక పద్నాలుగు దగ్గర ఆగింది.

యంత్రం తప్పేమీ లేదు. పదకొండేళ్లుగా ఇంటికి రోజుకు నాలుగు బిందెలతో బతుకుతున్న ఊరది. మొదటేడు ఏడ్చారు, రెండోయేడు తిట్టారు, మూడోయేడుకు అలవాటు పడ్డారు. అలవాటైన దాహానికి తూకం ఉండదు. దేవుడు బీదవాడికి ఓర్పు ఇచ్చాడని పెద్దలు మెచ్చుకుంటూ చెబుతారు గానీ, ఆ ఓర్పే ఊరి కొంప ముంచింది.

ఓబుళమ్మ నారప్పకు స్వయానా చెల్లెలు. మైదానంలో గడ్డి కత్తిరించే పనిలో చేరి నాలుగు నెలలైంది. ముద్ర ఇచ్చినవాళ్లు హాజరు కావాలన్న నిబంధన ఉంది కాబట్టి, సమాఖ్య వాళ్ల పచ్చ చీర కట్టుకుని హాలు బయట బల్లమీద కూర్చుంది. పనివాళ్ల సంతోషాన్ని పట్టి దాచుకుంటామని మాత్రమే ఆమెకు చెప్పారు. తన సంతోషం ఎవరి ఎదుట తూగుతున్నదో లోపలినుంచి అన్న బయటికి వచ్చినప్పుడు గానీ తెలియలేదు. నారప్ప ఆమె చీరవంక చూశాడు, హాలు బయటి బోర్డుమీద కూడా వెలుగుతున్న ఆమె పేరువంక చూశాడు, మెట్లు దిగిపోయాడు. రెండు దెబ్బలు వేసినా బాగుండేదని ఆమెకనిపించింది.

పరాంకుశం బయటికి రాగానే ఎదురు వెళ్లి నిలబడింది.

"అది మీ గడ్డిని చూసి వచ్చిన సంతోషం కాదు సార్. మాయమ్మ గుర్తుకొచ్చింది."

ఆయన ఆగి విన్నాడు. తన చిన్నతనంలో ఏ ఊరినుంచి ఎవరు వచ్చినా అమ్మ చెంబెడు నీళ్లతో గడపలో నిలబడేదని, కాళ్లకు నీళ్లు ఇచ్చాకే లోపలికి రమ్మనేదని, నాలుగు బిందెల కాలం వచ్చాక ఊళ్లో ఆ మర్యాదే పోయిందని ఓబుళమ్మ చెప్పింది. పట్టీ కట్టిన రోజు తెల్లవారుజామున తడిగడ్డి ఉత్తకాళ్లకు తగలగానే, చచ్చిపోయిన తల్లి చెంబు పట్టుకుని ఎదురొచ్చినట్టయిందట. ఈ సంగతి లోపలివాళ్లకు చెప్పమంది.

"కారణం ముద్రలో పడదమ్మా," అన్నాడు పరాంకుశం. "మాటల్లో చెబితే వాళ్లు వినకూడదు. అది చట్టం."

"అట్లయితే ఇంకోసారి కట్టండి సార్. నా కడుపులో ఏముందో ఈసారి చూపిస్తా."

నెల తిరక్కుండా పునఃపరిశీలన ఉంది. పరాంకుశం ఒక నిమిషం ఆలోచించి సరేనన్నాడు. ఆయన మంచితనానికి ఓబుళమ్మ చేతులెత్తి దండం పెట్టింది. పరాంకుశం మంచివాడే, కాకపోతే ఉద్యోగం అంతకంటే మంచిది.

వారం తర్వాత ఓబుళమ్మ పట్టీ కట్టుకుని, అదే గడ్డిమీద, అదే వేళకు, ఉత్తకాళ్లతో నిలబడి అన్న మెట్లు దిగిపోవడం తలుచుకుంది. దాచుకున్నదంతా కట్ట తెగినట్టు బయటపడింది. పునఃపరిశీలన రోజున, సమాఖ్య తరఫున వచ్చిన ఆ ముద్ర కట్టుకుని పదకొండు మందీ వెక్కి వెక్కి ఏడ్చారు. తూనిక తొంభై ఏడు పలికింది.

అధ్యక్షుడు కళ్లు తుడుచుకుని తీర్పు రాయించాడు. మైదానం ఎండిపోతుందేమోనని ఒక సామాన్య కార్మికురాలు ఇంతగా తల్లడిల్లుతుంటే ప్రభుత్వం చూస్తూ ఊరుకోజాలదని అందులో ఉంది. మైదానం వాటా పెరిగింది. ఎర్రవంకపల్లెకు ఇంటికి నాలుగు బిందెలు కాస్తా రెండయ్యాయి. ప్రతి ముద్ర నకలూ సంబంధించిన పంచాయతీకి పంపాలి కాబట్టి, ఓబుళమ్మ మొదటి ముద్ర, తీర్పు కలిసి ఊరు చేరాయి. రెండో ముద్ర నకలు తయారవుతూ ఉంది.

సెలవు దొరికిన రోజు ఓబుళమ్మ ఊరికి వెళ్లింది. బస్సు దిగి ఎర్రమట్టి దారిన నడిచేసరికి పాదాలు దుమ్ముకొట్టుకుపోయాయి. అన్న ఇంటి గడపలో వదిన సుంకమ్మ చెంబు పట్టుకుని నిలబడి ఉంది. ఓబుళమ్మ గుండె ఒక్కసారి కరిగిపోయింది. పదకొండేళ్ల తర్వాత ఆ ఇంట్లో కాళ్లకు నీళ్లు.

"రా ఓబుళమ్మా," అంది సుంకమ్మ. "పంచాయతీ ఆఫీసులో నేనూ ఆ పట్టీ కట్టుకొని చూసినా. కాళ్లకు నీళ్లు తగిల్తే నీకంత సంతోషమని మాకు తెలీకపాయ. ముందే చెప్పింటే మేమే పోసుండేవాళ్లం గదా."

చెంబు ఆమె చేతికివ్వలేదు. వంగి, తొందర లేకుండా, నీళ్లన్నీ ఆమె పాదాలమీద కుమ్మరించింది. ఆ పూట ఇంటిల్లిపాదికీ తాగడానికి ఉన్నవి అవే. లోపల నారప్ప గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

 ఓబుళమ్మ పాదాలకు మాత్రం చల్లగా తగిలింది, ఆ సంతోషమే మళ్లీ కలిగింది. దాన్ని ఆపుకోవడం ఆమెకు చేతకాలేదు.