వాక్యం సంచి మీది చీటీ

ఆ ఇంట్లో తెల్లవారగానే మొదట లేచేది జ్ఞానమణి. లేచి పొయ్యి ముట్టించేలోగా ఇంట్లో వస్తువుల పేర్లన్నీ తారుమారు చేసేది. రోటికి అంటించిన "రోలు" అనే చీటీ తీసి గంపకు గుచ్చేది. గంప పేరు తలుపుకు పోయేది, తలుపు పేరు నీళ్ల కుండ మీదికి ఎక్కేది. కూతురు కరుణ కళ్లు నులుముకుంటూ లేచి, ఆ చీటీలన్నీ చదివి, దేని పేరు దానికి చేర్చాలి. ఒక్కటీ తప్పకుండా చేరిస్తే గుప్పెడు వేయించిన బుడ్డలు. వేరుశనగను ఆ వైపు బుడ్డలనే అంటారు.

మధ్యాహ్నం వంతు కరుణది. అది తారుమారు చేస్తే పెద్దవాళ్లు చదివి సరిచేయాలి. వాళ్ల నాయన లేవి కావాలనే ఒకటి రెండు తప్పులు వదిలేసి పిల్లను నవ్వించేవాడు.

కర్నూలు కొత్తగా రాజధాని అయిన రోజులవి. డేరాల్లో నడిచే ఒక ఆఫీసులో లేవి బంట్రోతు. ఒక వైపు రాసి పారేసిన కాగితాలు అడిగి ఇంటికి తెచ్చేవాడు. మిషను బడిలో చదువుకున్న జ్ఞానమణి వాటి తెల్ల వైపున గుండ్రటి అక్షరాలతో మాటలు రాసేది. గుండుసూదులు కొనే తాహతు లేదు కనుక తుమ్మ ముళ్లే గుచ్చేది. ముల్లు దిగని చోట గంజి ఉండనే ఉంది. జబ్బు చేసి కరుణను బడిలో వేయడం ఆలస్యమైంది. "పిల్ల చదివి వినిపిస్తే నేరుగా రెండో తరగతిలో కూర్చోబెట్టుకుంటాను" అని పంతులమ్మ మాటిచ్చింది. జ్ఞానమణి ఆరాటమంతా దాని కోసమే.

ఆ ఆటలో చేరనిది లేవి తల్లి రాహేలమ్మ ఒక్కతే. ఎప్పుడు పిలిచినా "ఇవన్నీ పిల్లాటలు, నాకు పనుండాది" అని చేట పట్టుకుని పెరట్లోకి పోయేది.

ఆమెకు చదువు రాదు. ఈ సంగతి తెలిసిన మనిషి ఆమె మొగుడు ఏసేపు ఒక్కడే, అతను చనిపోయి చాలా కాలమైంది. ఏసేపు ఊళ్లో చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి. సాయంత్రం దీపం పెట్టగానే బైబిల్లోని కీర్తనలు గొంతెత్తి చదివేవాడు. పక్కన కూర్చుని జొన్నలు చెరుగుతూ విన్న రాహేలమ్మకు అవన్నీ నోటికొచ్చేశాయి. అతను పోయాక, బుధవారాలు చర్చిలో కూడే స్త్రీల సమాజం వాళ్లు ఉపదేశి భార్య కదా అని పుస్తకం తెచ్చి ఆమె ఒళ్లో పెట్టారు. ఆ రోజే "నాకు రాదు" అని ఉంటే పోయేది. అనలేదు. పుస్తకం తెరిచి, గీతల మీద వేలు జరుపుతూ, కంఠతా వచ్చిన కీర్తన ఒప్పజెప్పింది. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఆ తర్వాత ప్రతి బుధవారం అదే. తల్లికి చదువొచ్చని లేవి ఆఫీసులో నలుగురికీ చెప్పుకునేవాడు.

ఆ బుధవారం మధ్యాహ్నం రాహేలమ్మ ఉతికిన చీర కట్టుకుని గోడకున్న వాక్యం సంచి అందుకుంది. బైబిలు పెట్టుకునే గుడ్డ సంచి అది. దానికొక చీటీ వేలాడుతోంది. సంచికి ఉన్న చీటీ "సంచి" కాక మరేమవుతుంది అనుకుంది. ముల్లు వదులైంది.

"పాపా, దీన్ని గట్టిగా గుచ్చు. దావలో పడిపోతాది."

కరుణ నోటికి చేయడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. "అట్లే పోతావా అవ్వా?"

"అట్లే పోతా. ఏం, బాగలేదా?"

"శానా బాగుండాది" అంటూ కరుణ ముల్లు గట్టిగా గుచ్చింది. ఎన్నడూ ఆటకు రాని అవ్వ ఈ పొద్దు వచ్చిందని దాని సంబరం.

సమాజంలో పాస్టరు గారి భార్య పక్కనే సంచి పెట్టి కూర్చుంది రాహేలమ్మ. ఆవిడ వంగి చీటీ చదివి, ముఖం చిట్లించింది.

"రాహేలమ్మా, దేవుని వాక్యం పెట్టే సంచికి చీపురు అని ఎవరు రాశారు?"

ఒకామె కిసుక్కుమంది. ఆ నవ్వు వరుసంతా పాకింది. "ఇంటి కాడి నుంచి ఈడిదాకా నువ్వు చూడలేదా వొదినా?" అని అడిగింది ఇంకొకామె. నవ్వు ఆగింది, అందరూ రాహేలమ్మనే చూశారు.

"నేను చూస్తే ఉంచుతానా? మనవరాలు వెనక నుంచి గుచ్చినట్టుండాది. శానా అల్లరిది" అంది.

ఆ అబద్ధం ఆమె కంటే ముందు ఇల్లు చేరింది. దారిలో ఎవరో చెప్తే విని, లేవి తల దించుకుని ఇంటికొచ్చాడు. తల్లి వాకిట్లో అడుగు పెట్టగానే కరుణను రెక్క పట్టుకుని నిలబెట్టాడు.

"వాక్యం సంచికి చీపురు చీటీ పెడతావా? అవ్వను నలుగురిలో నవ్వులపాలు చేస్తావా?"

"ఆట కదా నాయనా. తప్పుంటే అవ్వ తీసెయ్యల్ల. అవ్వ చూసింది. గట్టిగా గుచ్చమని అవ్వే చెప్పింది."

లేవి తల్లి వైపు తిరిగాడు. "చెప్పినావా మా?"

ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ సమాజంలో ఆడవాళ్ల చూపులు ఇంకా ఒంటి మీదే ఉన్నట్టుంది.

"లేదు. నేను చూడనే లేదు" అంది రాహేలమ్మ.

"తప్పు చేసిందే కాకుండా అబద్ధమా" అని లేవి చూరులోని బరికె లాగాడు. జ్ఞానమణి అడ్డం వచ్చేలోగా పిల్ల కాళ్ల మీద వాతలు తేలాయి. రాహేలమ్మ లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకుంది. చెవులు మూసుకున్నా ఏడుపు వినబడుతూనే ఉంది. ఛీ, నాదీ ఒక బతుకేనా అనుకుంది. అనుకుంది గానీ లేవలేదు.

మర్నాడు జ్ఞానమణి చీటీలు ఎప్పటిలాగే తారుమారు చేసింది. కరుణ లేచింది, గంప మీద రోలు పేరు చూసింది, పట్టించుకోకుండా పోయి నీళ్లు తాగింది.

"చదవవా పాపా?"

"నాకు రాదు."

బుడ్డలు చూపించినా అదే మాట. అవ్వ పక్కన పడుకోవడం మానేసింది. అవ్వ పిలిస్తే వచ్చి నిలబడేది, చెప్పిన పని చేసేది, కళ్లెత్తి చూసేది కాదు. ఆ నెమ్మది రాహేలమ్మకు ముద్ద దిగనిచ్చేది కాదు.

వానలు మొదలై బడి తెరిచారు. జ్ఞానమణి పిల్లను తీసుకుపోయి, ఒంటిగంట కాకముందే పిల్లతోనే తిరిగొచ్చింది. చెంగుతో ముఖం తుడుచుకుంటూ గడపలోనే కూర్చుంది. భోజనానికి వచ్చిన లేవి ఏమైందని అడిగాడు.

"పంతులమ్మ పలక మీద కుండ అని రాసి చదవమన్నాది. రాదన్నాది. తలుపు అని రాసినా రాదన్నాది. ఒకటో తరగతిలో పసిబిడ్డలతో కూర్చోబెట్టుకుంటారంట." ఇన్నాళ్లూ మింగుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది. "అత్తా, ఒక్క మాట అడుగుతా. ఆ పొద్దు నువ్వు ఆ చీటీ నిజంగా చూడలేదా?"

రాహేలమ్మ చేతిలో చేట ఆగింది.

"మా అమ్మ అబద్ధం చెప్పిందంటావా?" లేవి పళ్లెం పక్కకు నెట్టి లేచాడు. "కీర్తనలు చదివే మనిషిని పట్టుకుని ఆ మాట అంటావా? నీ ఆటలతోనే గదా ఇంత దూరం వచ్చింది. పెద్దలంటే భయం లేకుండా పెంచినావు."

"నా బిడ్డకు అబద్ధం నేర్పలేదు నేను."

"ఇంగొక్క మాట మాట్లాడితే..."

మూలన కూర్చున్న కరుణ లేచి వచ్చి అమ్మకూ నాయనకూ మధ్యన నిలబడింది.

"అమ్మను ఏమనొద్దు నాయనా. నేనే అబద్ధం చెప్పినా. అవ్వ చూడలేదు."

అప్పటిదాకా అబద్ధమాడని పిల్ల అవ్వ మాట నిలబెట్టడానికి తొలిసారి అబద్ధమాడింది. రాహేలమ్మ చేతిలోని చేట జారి జొన్నలు ఇల్లంతా చిమ్మాయి.

"నేను చూసినాను రా లేవీ" అంది. "గట్టిగా గుచ్చమని నేనే చెప్పినా. దాంట్లో ఏం రాసుండాదో నాకు తెలీదు. నాకు చదువు రాదు."

లేవికి అర్థం కాలేదు. "మరి కీర్తనలు?"

"మీ నాయన చదువుతాంటే విన్నవి. అన్నీ నోటికే. నాకు ఒక్క అక్షరం తెలీదు నాయనా. నలుగురిలో పరువు పోతుందని బిడ్డను దొంగను చేసినా. నువ్వు కొడతాంటే లోపల పడుకుని వింటి."

జ్ఞానమణి అత్త ముఖంలోకి చూడలేక జొన్నలు ఎత్తసాగింది. కరుణ అవ్వ దగ్గరికి ఒక అడుగు వేసింది.

"ఐతే ఆ పొద్దు నేను అబద్ధం చెప్పలేదా?"

"లేదు తల్లీ. చెప్పింది నేను."

"మరి నాయన నన్ను యాల కొట్టినాడు?"

లేవి గోడకు ఆనుకుని అట్లే కిందికి కూలబడ్డాడు. మనవరాలి కాళ్ల మీద మానుతున్న వాతలను రాహేలమ్మ ముసలి చేతులతో తడిమింది. తడుముతూ గుండె పగిలేలా ఏడ్చింది. "నన్ను క్షమించు పాపా" అంది. క్షమించడం ఎలాగో ఆ పిల్లకేం తెలుసు. మెడ చుట్టూ చేతులు వేసి తనూ ఏడ్చింది.

ఇంట్లో చెప్పినంత మాత్రాన ఆమెకు ప్రాణం కుదుటపడలేదు. నింద వేసింది నలుగురిలో. మళ్లీ బుధవారం రాగానే కరుణ చేయి పట్టుకుని సమాజానికి పోయింది. కూర్చోకుండా, నిలబడే చెప్పింది.

"నా మనవరాలు ఏ తప్పూ చేయలేదు. చీటీ నేను చూసే తెచ్చినా, చదవలేక తెచ్చినా. ఇన్నేండ్లూ మీకు చదివి వినిపించింది లేదు, ఒప్పజెప్పినా అంతే. ఈ పొద్దు నా మనవరాలు చదువుతాది."

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రాహేలమ్మ సిగ్గుతో తల వంచుకుని పిల్ల ఒళ్లో పుస్తకం పెట్టింది. కరుణ అక్షరాల మీదికి వంగింది. తర్వాత వేలు పెట్టి, కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది. రెండో వరుసలో ఒక పెద్ద మాట దగ్గర ఆగిపోయింది. అందరూ అలవాటుగా రాహేలమ్మ వైపు తిరిగారు.

ఆ మాట ఆమెకు తెలుసు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. చెప్పలేదు.

"నన్ను చూడొద్దండమ్మా. చదువొచ్చింది ఆ బిడ్డకు" అంది.

కరుణ మళ్లీ వేలు వెనక్కి జరిపి, ఒక్కొక్క అక్షరమే పట్టుకుని, ఆ మాట చదివింది.