కణాలకి అన్నం పెట్టిన అబ్బాయి

"నా కణాలకి అన్నం పెట్టింది ఎవరు?"

ఇంక్యుబేటర్ తలుపు దగ్గర నుంచి ఆమె అరిచిన అరుపుకి ల్యాబంతా ఉలిక్కిపడింది. కొత్తగా చేరిన పొడుగబ్బాయి మెల్లగా చెయ్యెత్తాడు.

"నేనేనండీ. నిన్న మీరు రాలేదు కదా. పాపం ఆకలితో ఉంటాయని వాటిని పెంచే గ్రోత్ ఫ్యాక్టర్ వేశాను."

"పాపమా? కావాలనే పస్తు పెట్టానండీ వాటిని!"

ఆమె పెంచుతున్నవి పేగు కణాలు. పెరగమని కబురు అందుతున్నంత కాలం అవి పెరుగుతూనే ఉంటాయి. ఆ కబురు ఆగితేనే లోపల కొన్ని జీన్లు మేలుకుంటాయి. అప్పుడొక కణం తిన్నది పీల్చుకోవడం నేర్చుకుంటుంది, ఇంకోటి జిగురు చేయడం నేర్చుకుంటుంది. కాన్సర్‌లో ఆ కబురు ఆగదు. ఏ పనీ నేర్వని కణాలు ఊరికే పెరిగిపోతుంటాయి.

"మళ్ళీ నేనే పెంచిస్తానండీ."

"మీరు దూరంగా ఉంటే అదే పదివేలు."

అతను దూరంగా ఉంటేనా! రోజూ వచ్చి, "ఇవాళ పస్తా, భోజనమా?" అని అడిగిగానీ కణాల ప్లేటు మూత తీసేవాడు కాదు. నవ్వు దాచుకోవడానికి ఆమె మైక్రోస్కోప్‌లోకి తొంగి చూసేది. లైటు వేసుకోలేదని తర్వాత గుర్తొచ్చేది.

కిటికీ మీద వాన చిటపటమంటున్న ఓ మధ్యాహ్నం, ఆమె ఎగిరి గంతేసినంత పని చేసింది.

"చూడండి, పని నేర్చుకున్నాయి!"

అతను చూశాడు. తలెత్తకుండానే అన్నాడు.

"మా నాన్నగారి పేగులో ఇవి నేర్చుకోలేదండీ. అందుకే పోయారు."

"అది పిల్లలకీ రావచ్చు కదా. మరి మీరు పేగులోకి కెమెరా పంపి చూసే టెస్ట్ చేయించుకున్నారా?"

"అమ్మ అడిగినప్పుడల్లా వచ్చే నెల అంటున్నాను."

"భయమా?"

"చచ్చేంత."

"ప్లేట్లో కణాల ఆకలి కనిపిస్తుంది గానీ, నీ కడుపు సంగతి నీకు పట్టదా?"

కోపంలో 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"మత్తిస్తారట. తోడు ఉంటేనే ఇంటికి పంపుతారట. అమ్మని తీసుకెళ్తే నాకంటే తనే ముందు పడిపోతుంది."

"నేను లేనూ?"

టెస్ట్ రోజు ఆసుపత్రి వరండాలో ఆమె అతని కళ్ళజోడు, ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎన్ని జీన్ల పేర్లు తెలిస్తే ఏం, ఆ తలుపు తెరుచుకునేదాకా గుండె చేత్తో పట్టుకోవాల్సిందే.

నర్సు బయటికొచ్చింది.

"పేగులో చిన్న కండలాంటి పాలిప్ ఉంటే డాక్టరుగారు తీసేశారమ్మా. మంచి టైములో వచ్చారన్నారు. పరీక్షకి పంపుతాం గానీ, చూసినంతలో భయపడేదేం లేదట. ఇంతకీ నువ్వేమవుతావు? మత్తులో కూడా 'ఆవిడ ఏమైనా తిన్నదా' అని ఒకటే గొడవ."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఇంకా ఏమీ కాలేదండీ. ఇప్పుడు అవుతాను."

లోపల మంచం మీద అతను మసక కళ్ళతో నవ్వాడు. పరీక్ష కోసం నిన్నటి నుంచీ వట్టి మంచినీళ్ళతో ఉన్న మనిషి.

"ఇవాళ పస్తా, భోజనమా?" అడిగింది ఆమె.

"నువ్వు పెడితే భోజనం. రోజూ పెట్టాల్సొస్తుందేమో, ఆలోచించుకో."

"ఆలోచించే వచ్చాను."

ఆమె చేతిలో ఉన్న అతని ఫోను మోగింది. అతని అమ్మ.

"నువ్వే చెప్పు. నాకు మత్తు," అని దొంగలా కళ్ళు మూసుకున్నాడు.

"టెస్ట్ అయిపోయింది, అంతా బాగుంది అత్తయ్యా." మాట జారిందో, తనే జార్చిందో ఆమెకే తెలియదు.

 అవతల ఏడుపూ నవ్వూ కలిసిన గొంతు:

"పొద్దున్నుంచీ అక్కడే ఉన్నావేమో, నువ్వేమైనా తిన్నావా తల్లీ?"