షియావ్‌బేలో చవక తిండి

అమ్మిరాజు కనిపించక మూడు రోజులైంది. అతని ఇన్సులిన్ ఇంటి ఫ్రిజ్‌లోనే ఉంది.

మంగళవారం ఉదయం 9కి జెద్దాలో బలద్ బజారులోని స్పేర్‌పార్ట్స్ షాపుకి డ్యూటీకి వెళ్లాడు. ఆ రాత్రి సరుకు కొనడానికి చైనా వెళ్లాలి. బ్యాగ్ కోసం ఇంటికి రాలేదు. సాయంత్రం 6:20కి భార్య జెస్సీకి అతని ఫోన్ నుంచి వాట్సాప్ వచ్చింది. "ఫ్లైట్ ముందుకు జరిగింది. ఇన్సులిన్ అక్కడే కొంటా."

జెస్సీ నర్సు. ఆమె హాస్పిటల్లోనే ప్రభాకర్ సెక్యూరిటీ సూపర్‌వైజర్. కరీంనగర్‌లో పన్నెండేళ్లు కానిస్టేబుల్‌గా చేసి వచ్చాడు.

శుక్రవారం సాయంత్రం 4:10. జెస్సీ ప్రభాకర్‌ని వెంటబెట్టుకుని షాపుకి వచ్చింది. షాపు షటర్ అప్పుడే లేచింది. కౌంటర్ వెనక మేనేజర్ ఉదయకిరణ్. మూలన స్టూలు మీద డ్రైవర్ ఆఫ్తాబ్.

"మళ్లీ వచ్చారా? మీ ఆయన గ్వాంగ్‌జౌలో ఉన్నాడమ్మా. రోజూ మెసేజ్ పెడుతున్నాడుగా," అన్నాడు ఉదయకిరణ్.

"వాయిస్ ఒక్కటీ లేదండి. ఫోన్ ఎత్తట్లేదు."

"మీతో మాట్లాడ్డం ఇష్టం లేదేమో."

"దేశం దాటినట్టు ఎగ్జిట్ రికార్డు సూపెట్టుండ్రి సార్. కంపెనీ లాగిన్ మీ దగ్గర్నే ఉన్నది గద," అన్నాడు ప్రభాకర్.

"అడగడానికి నువ్వెవడివి? హాస్పిటల్ గేటు కాసుకునేవాడివి. పోలీసులన్నారంటే హురూబ్ పెడతా. పారిపోయాడని రాస్తే వాడింక ఈ దేశంలో అడుగు పెట్టడు."

ప్రభాకర్ గోడ వైపు చూశాడు. అక్కడొక కాగితం అంటించి ఉంది. ఉదయకిరణ్ చేతిరాత. గ్వాంగ్‌జౌ వెళ్లేవాళ్లకి షియావ్‌బే పేటలో చవక తిండి దొరికే చోట్లు. ఒకటి, ఫ్లైఓవర్ కింద నూడుల్స్. రెండు, మసీదు సందులో రొట్టె. మూడు, మెట్రో గేటు దగ్గర మటన్ సీకులు.

"సిస్టర్, మెసేజ్‌లు సదువుండ్రి."

జెస్సీ ఫోన్ తీసింది. "బుధవారం, ఫ్లైఓవర్ కింద నూడుల్స్ తిన్నా. గురువారం, మసీదు సందులో రొట్టె తిన్నా."

"కాయితంల ఉన్న వరుసనే."

"రాసిచ్చింది నేనే. ఆ వరసలో తింటే నేరమా?" అన్నాడు ఉదయకిరణ్.

"కాదు. ఇయ్యాల్టిది సదువుండ్రి సిస్టర్."

"పొద్దున 11:40. మార్కెట్ అంతా జుమ్మా నమాజుకి మూసేశారు. నాలుగింటికి తెరుస్తారట. అప్పుడు సీకులు తింటా."

ప్రభాకర్ కౌంటర్ దగ్గరికి వచ్చాడు. "అక్కడి టైం మనకన్న అయిదు గంటలు ముందు. ఈడ 11:40 అంటే ఆడ సాయంత్రం 4:40. నాలుగెప్పుడో దాటింది. పైగా చైనాల శుక్రవారం పనిరోజు. జుమ్మాకు బజారంత మూసి నాలుగింటికి తెరిచేది బలద్‌ల. ఆయన ఫోన్ల తిండి చైనాది రాసిండ్రు సార్, సెలవు మాత్రం మనది రాసిండ్రు."



ప్రభాకర్ ఆఫ్తాబ్ వైపు తిరిగి హిందీలో అడిగాడు. "మంగళవారం అమ్మిరాజుని ఏ టెర్మినల్ దగ్గర దించావు?"

ఆఫ్తాబ్ ఉదయకిరణ్ వైపు చూశాడు.

"అతను షుగర్ మనిషి. మూడు రోజులుగా ఇన్సులిన్ లేదు. చస్తే బండి నడిపింది నువ్వే."

ఆఫ్తాబ్ లేచాడు. "ఎయిర్‌పోర్టుకి పోలేదు. ఊరి చివర ఖుమ్రాలో ఉన్న గోడౌన్‌కి తీసుకెళ్లాం. నకిలీ బ్రేక్ ప్యాడ్ల సంగతి షాపు ఓనర్ కఫీల్‌కి చెప్తానన్నాడు అమ్మిరాజు. కంటైనర్ అమ్ముడయ్యేదాకా లోపల ఉంచుదామన్నాడు ఈయన."

"నోర్ముయ్," అన్నాడు ఉదయకిరణ్.

ఆఫ్తాబ్ తాళంచెవి కౌంటర్ మీద పడేశాడు. ప్రభాకర్ పోలీసుల నంబరు 911 నొక్కాడు.

5:25. గోడౌన్‌లో అమ్మిరాజు అట్టపెట్టెలకి ఆనుకుని పడి ఉన్నాడు. పెదవులు పగిలాయి. ఊపిరి వేగంగా ఆడుతోంది. అంబులెన్స్ వాళ్లు సెలైన్ ఎక్కించారు. జెస్సీ అతని చెయ్యి పట్టుకుంది.

అతను కళ్లు తెరిచాడు. "ఏ వారం?"

"శుక్రవారం."

"నాలుగింటికి షాపు తెరుస్తాడు. వెళ్లి పట్టుకోండి."

"తెరిచాడండి," అంది జెస్సీ. "పోలీసులు పట్టుకున్నారు."