సెల్యూట్ ఫిరంగి వెనక ఖాళీ జాగా

"మెట్లు దిగుతూ జారిపడ్డాడట. మ్యూజియం వాళ్ళ రిపోర్ట్," అన్నాడు చీఫ్, శవం మీద గుడ్డ కప్పుతూ.

ఏజెంట్ డేగ ఆ గుడ్డ మళ్ళీ తీశాడు. తల వెనకభాగం కుండ పెంకులా పగిలి ఉంది. చనిపోయినవాడు అతనికి స్వయానా బావ, అక్క భర్త. బ్యూరోలో విజిట్ ప్లానింగ్ ఆఫీసర్. పెద్దమనుషులు ఎక్కడికి వెళ్ళినా, ఏ గుమ్మంలోంచి రావాలో, ఎక్కడ నిలబడాలో ముందుగా నడిచి చూసేది ఆయనే. ఈసారి నడిచి చూసింది రేవులో మ్యూజియంగా నిలబెట్టిన పాత యుద్ధనౌకని. వచ్చే వారం రక్షణ మంత్రి, పక్క దేశపు రాయబారి అక్కడి జెట్టీ మీద సంధి పత్రంపై సంతకాలు చేయబోతున్నారు.

"బావ నేవీ మనిషి సర్," అన్నాడు డేగ. "ఓడ మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. నేవీ వాళ్ళు మెట్లకేసి మొహం పెట్టి దిగుతారు. జారితే గడ్డం, మోకాళ్ళు చెక్కుకుపోవాలి. ఈయనకి ముందువైపు గీత కూడా లేదు. వెనకనుంచి సుత్తితో కొట్టి కిందకి తోశారు."

"తిమింగలం ముఠా. ఈ సంధి కుదిరితే వాళ్ళ దగ్గర ఆయుధాలు కొనేవాడుండడు. ఓడంతా గాలించాం, బాంబు కాదుగదా అగ్గిపుల్ల కూడా దొరకలేదు."

"విజిట్ రద్దు చెయ్యండి."

"చేస్తే సంధి పోతుంది. తర్వాత యుద్ధమే. మీ బావ కుర్చీలో నువ్వు కూర్చో. అక్కడి క్యూరేటర్ మన మనిషి, ముఠాలో చేరినట్టు నటిస్తోంది. నువ్వెవరివో ఆమెకి చెప్పి ఉంచుతాను. ఓడకి మళ్ళీ సముద్రం చూసే యోగముందా అని అడుగు. లంగరుని అడగండి అంటుంది."

బయటికొస్తుంటే టెక్నికల్ విభాగం వాళ్ళు ఒక పెన్ను చేతిలో పెట్టారు. మూత తిప్పితే కళ్ళు మండే గ్యాస్ వస్తుందట. దాంతో సంతకం మాత్రం పెట్టలేమట.

అంత్యక్రియలైన నాలుగో రోజున అక్క ఇంటికి వెళ్ళాడు డేగ. అక్క, కూతురి స్కూల్ యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది.

"మావయ్యా, మంత్రిగారికి పూలగుత్తి ఇచ్చేది నేనే," అంది మేనకోడలు. "నాన్నే నా పేరు ఇచ్చాడు. రాయబారికి కాదు, ముందు మంత్రికే ఇవ్వాలని కూడా చెప్పాడు."

పిల్ల లోపలికి వెళ్ళగానే డేగ గొంతు తగ్గించాడు. "అక్కా, దాన్ని పంపకు."

"ఎందుకని?"

నిజం చెప్పే అధికారం అతనికి లేదు. "ఎండగా ఉంటుంది," అన్నాడు.

"వాళ్ళ నాన్న చేసిన ఆఖరి పని అది. ఏడుస్తూ ఇంట్లో కూర్చోబెడితే ఆయనొస్తాడా? నువ్వుంటావుగా అక్కడ. ఇంకేం భయం?" అంటూ అక్క ఇస్త్రీపెట్టెని యూనిఫాం రెండో చేతి మీదకి జరిపింది. ఎన్నో తుపాకులకి ఎదురెళ్ళినవాడు ఆ మాటకి మాత్రం తలొంచుకుని బయటపడ్డాడు.

విజిట్ రోజు ఉదయం, సోడాబుడ్డి కళ్ళద్దాలతో, వదులు సూటుతో, నత్తినత్తిగా మాట్లాడే ప్రోటోకాల్ గుమాస్తా ఒకడు ఓడెక్కాడు. క్యూరేటర్ ఎదురొచ్చింది. అందగత్తె అంటే చాలా చిన్నమాట. ఆమె నడుస్తుంటే కాపలావాళ్ళు తమ బూట్లే తొక్కుకుంటున్నారు.

"ఈ ఓ... ఓడకి మళ్ళీ సముద్రం చూసే యోగముందా?"

"లంగరుని అడగండి," అని నవ్వి, అతని టై సర్దింది. "మీ బావ చాలా మంచివాడు. అంతా ఆయన వేసిన ప్లాన్ ప్రకారమే."

డెక్ చివర సెల్యూట్ ఫిరంగి సముద్రంకేసి చూస్తోంది. గుండు లేకుండా, ఉత్త మందుతో చప్పుడు చేయడానికి మాత్రమే ఉంచిన ఫిరంగి అది. పక్కన తెల్ల యూనిఫాంలో గన్నర్ నిలబడ్డాడు. కింద జెట్టీ మీద వేదిక, వేదిక ముందు పిల్లల వరస.

డేగ అటు అడుగేయబోతుంటే బ్యాండ్ మాస్టర్ చెయ్యి పట్టుకున్నాడు. చెమటకి అతని కాలరు నానిపోయింది.

"ఇదేం న్యాయమండీ? మీ ముందాయన మాకు ఫిరంగి వెనక నీడలో చోటిచ్చాడు. ఈ గన్నర్ రిహార్సల్ నాడే వచ్చి, వెనక ఎవరూ నిలబడకూడదని మమ్మల్ని ఎండలోకి తోసేశాడు. మీ ముందాయన అడ్డం పడ్డాడు కూడా. గన్నర్ వింటేనా!"

డేగకి నత్తి ఎగిరిపోయింది. ఉత్త మందు పేలిస్తే ఫిరంగి వెనక్కి తన్నదు. తన్నేది గుండు బయటికి దూసుకెళ్ళినప్పుడే. ముఠా పంపినవాడు నిజమైన ఫిరంగిగాడు. మంత్రిని, పిల్లలని చంపడానికి వెనకాడని మనిషి, చేతికి పట్టిన అలవాటు కొద్దీ బ్యాండు వాళ్ళని మాత్రం పక్కకి జరిపాడు. బావ దాన్నే పట్టుకున్నాడు. పట్టుకుని ఎవరితో చెప్పాడో గాని, చచ్చిపోయాడు.

ఎవరితో చెప్పాడో డేగ అప్పుడే ఆలోచించి ఉండాల్సింది. ఆలోచించకుండా అతనూ ఆమెతోనే చెప్పాడు.

"ఫిరంగిలో గుండుందా?" క్యూరేటర్ మొహం పాలిపోయింది. "మందుగుండు గది కిందే. రండి, చూద్దాం."

కింద ఇనప తలుపు మూసుకోగానే ఆమె చేతిలోకి పిస్తోలు వచ్చింది. చీకట్లోంచి సుత్తి పట్టుకున్న ఒక బండమనిషి లేచాడు.

"బావా, బావమరిదీ ఇద్దరూ ఒక్క తీరే," అందామె. "ముందు నాకే చెప్తారు."

సుత్తి లేచింది. డేగ పెన్ను మూత తిప్పాడు. గ్యాస్ బుస్సుమంది, ముందు అతని కళ్ళలోకే. తర్వాత అందరి కళ్ళలోకీ. ఆమె గుడ్డిగా పేల్చింది. ఒక తూటా డేగ భుజాన్ని చీల్చింది, రెండోది బండవాడి పొట్టలో దిగింది. వాడు అరుస్తూ విసిరిన సుత్తి గోడకి తగిలి పడింది. డేగ తడుముకుంటూ దాన్ని అందుకుని, అరుపు వస్తున్న వైపు బలంకొద్దీ కొట్టాడు. దవడ విరిగింది, అరుపు ఆగింది. బావ కోసం ఇంకో దెబ్బ కూడా వేశాడు. దానికి అతనేమీ సిగ్గుపడలేదు.

తలుపు దాటి బయటపడుతుంటే ఆమె పిస్తోలు చెయ్యి సందులోంచి వచ్చింది. డేగ తలుపుని భుజంతో నెట్టాడు. మణికట్టు ఫట్‌మని విరిగింది. పిస్తోలు కింద పడి, చెయ్యి లోపలికి పోయింది. అతను గడియ వేశాడు.

పైన జాతీయ గీతం మొదలైంది. గన్నర్ చక్రం తిప్పుతుంటే ఫిరంగి గొట్టం సముద్రం వదిలి జెట్టీ వైపు తిరుగుతోంది. జనం అది కూడా ప్రోగ్రామే అనుకుని చప్పట్లు కొడుతున్నారు. గొట్టం ఎదురుగా పూలగుత్తి పట్టుకున్న మేనకోడలు, పైన మావయ్య కనిపించగానే చెయ్యూపింది.

డేగ కళ్ళలో నీళ్ళు, భుజం నిండా నెత్తురు. పరిగెత్తుకెళ్ళి ఎత్తు పెంచే చక్రం మీద పడ్డాడు. గొట్టం ఆకాశంకేసి లేస్తోంది. గన్నర్ కత్తి తీసి డేగ పక్కటెముకల్లో పొడిచాడు. చక్రం వదిలితే పిల్ల పోతుంది. అతను వదల్లేదు. కత్తి రెండోసారి లేస్తుంటే కాలెత్తి గన్నర్ గుండెల మీద తన్నాడు. వాడు ఫిరంగి వెనక, తానే ఖాళీ చేయించిన జాగాలో వెల్లకిలా పడ్డాడు. పేల్చే తాడు వాడి పిడికిట్లోనే ఉంది. పడుతూ వాడే లాగాడు.

గుండు వేదిక మీదుగా, రేవు దాటి, దూరంగా నడిసముద్రంలో పడి తాటిచెట్టంత నీటిని లేపింది. ఫిరంగి వెనక్కి తన్నింది. గన్నర్ ఛాతీ మిగల్లేదు.

జెట్టీ మీద మంత్రి చప్పట్లు కొట్టాడు. "బ్రహ్మాండం! ప్రతి విజిట్‌లోనూ ఈ ఐటమ్ పెట్టండి," అన్నాడు. రాయబారి కూడా గబగబా సంతకం పెట్టేశాడు.

ఆస్పత్రి మంచం పక్కన అక్క దుప్పటి అంచు వేళ్ళకి చుట్టుకుంటూ కూర్చుంది. డేగ అధికారాలు, రహస్యాలు పక్కన పెట్టి చెప్పేశాడు.

"బావ జారిపడలేదక్కా. చంపారు. చంపినవాళ్ళు ఇప్పుడు లేరు. చంపించినామె జైల్లో ఉంది."

అక్క ఏడ్చింది. బావ పోయిన రోజున ఏడవనంతగా ఏడ్చింది. డేగ కూడా ఆపుకోలేదు, కుట్లు పిగిలిపోతాయని నర్సు కసిరినా సరే. మేనకోడలు ఇద్దరి మధ్యా మంచమెక్కి, పూలగుత్తి ముందు మంత్రికే ఇచ్చానని మూడోసారి చెప్పింది.

వెళ్తూ వెళ్తూ అక్క గుమ్మం దగ్గర ఆగి కళ్ళు తుడుచుకుంది.

"వచ్చే నెల దాన్ని స్కూల్ వాళ్ళు జూకి తీసుకెళ్తారట. ఎండగా ఉన్నా సరే, పంపిస్తా. నువ్వు మాత్రం అటు రాకు."