ఒంటిగంటకు మెడ తిప్పే కెమెరా

ఆ ఫర్నిచర్ షాపు వెనక హాల్లో నిలువెత్తు అద్దాల బీరువా ఒకటుంది. దాని గురించి మంచి మాట అన్నవాళ్లు ఇంతవరకూ లేరు. ముగ్గురు కొన్నారు, ముగ్గురూ వారం తిరక్కుండా వెనక్కి తెచ్చి దించేశారు. ఎందుకమ్మా అంటే ఒకరు గదిలో పట్టలేదన్నారు. ఇంకొకరు రంగు నచ్చలేదన్నారు. మూడో ఆవిడ మాత్రం చుట్టూ చూసి, గొంతు తగ్గించి...

"దాంట్లో మేం కాస్త ఆలస్యంగా కనబడుతున్నామండీ" అంది.

అప్పట్నుంచీ చీకటిపడ్డాక ఆ హాల్లోకి ఎవరూ వెళ్లరు. వెళ్లక తప్పనివాడు ఒక్కడే — రాత్రి వాచ్‌మన్. మీసం చూస్తే దొంగలు పారిపోవాలి. గుండె మాత్రం పిచ్చుకది. పైగా వాళ్ల ఇంటిల్లిపాదికీ ఒక పాడు జబ్బుంది. భయమేస్తే నవ్వొస్తుంది. ఎంత భయమేస్తే అంత నవ్వు.

అతని చెల్లెలు కెమెరాల మెకానిక్. వెనక హాల్లో ఇనప స్తంభం మీద మోటారు కెమెరా బిగించింది ఆమే. దాని పని వెనక గుమ్మం వైపు చూస్తూ కూర్చోవడం. రెండు వారాలుగా దానికేదో పట్టుకుంది. పగలంతా బుద్ధిగా గుమ్మాన్నే చూస్తుంది. రాత్రి సరిగ్గా ఒంటిగంటకు — కిర్రుమని మెడ తిప్పి — బీరువా వైపు చూస్తుంది. ఇక తెల్లవార్లూ అటే. పొద్దున ఓనరు వచ్చి స్విచ్చి ఆపి, తిరిగి వేస్తేగానీ దారికి రాదు.

ఓనరు దెయ్యాల్ని నమ్మడు. వాచ్‌మన్లు నిద్రపోతారని మాత్రం గట్టిగా నమ్ముతాడు.

"గుమ్మం దగ్గర కునుకు తీయడానికి నువ్వే తిప్పుతున్నావు. రేపు పొద్దున రికార్డింగులో మళ్లీ ఆ బీరువా కనబడిందా... ఇక నువ్వు రానక్కర్లేదు" అనేశాడు.

చెల్లెలికి ఒళ్లు మండింది. పగటిపూట మూడుసార్లు వచ్చి చూసింది, ఏ లోపమూ దొరకలేదు. తను బిగించిన కెమెరా వల్ల అన్న ఉద్యోగం పోతే రేపు వదిన ముఖం ఎలా చూడాలి? ఆ రాత్రి పదకొండింటికల్లా సామాన్ల సంచీ భుజాన వేసుకుని దిగిపోయింది.

"నువ్వు వదినకొక్కదానికే భయపడతావనుకున్నా అన్నయ్యా. బీరువాక్కూడానా?"

"మెల్లగా మాట్లాడవే... వింటుంది."

"ఎవరు, వదినా?"

కెమెరాను కిందికి దింపి, అమ్మకానికున్న భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి, ఆమె పని మొదలుపెట్టింది. ఒక్కో మరా విప్పి, విప్పిన వరసలోనే పాత కాగితం మీద గుండ్రంగా పేర్చింది. పదకొండు. తర్వాత గాజు బుడగ. రెండు మోటార్లు — ఒకటి పక్కలకు తిప్పేది, ఒకటి పైకీ కిందికీ ఊపేది. సన్నటి రబ్బరు బెల్టులు, పళ్ల చక్రాలు. అన్న టార్చి పట్టుకున్నాడు.

"టార్చి ఊపకు అన్నయ్యా."

"నేనూపట్లేదు. చెయ్యే ఊగుతోంది."

పళ్ల చక్రం అంచున గింజంత ముక్క ఒకటి చూపించింది. "ఇది అయస్కాంతం. రోజూ రాత్రి ఒంటిగంటకు కెమెరా తనంతట తానే ఆగి, మళ్లీ మొదలవుతుంది. అప్పుడు దానికి తనెటు చూస్తోందో తెలియదు. గిర్రున తిరిగి, ఈ అయస్కాంతం జాడ తగలగానే 'హమ్మయ్య, ఇదే నా చోటు' అనుకుంటుంది. అక్కణ్నుంచి లెక్కపెట్టుకుని గుమ్మం వైపు ఆగుతుంది."

"మరి బీరువా వైపెందుకు ఆగుతోంది?"

"అదే తెలిస్తే ఇంట్లో పడుకునేదాన్ని కదా!"

పాత గ్రీజు తుడిచింది. బెల్టులు బిగించింది. విప్పిన వరసకు ఎదురు వరసలో అన్నీ కూర్చింది. పదకొండు మరలూ లోపలికెళ్లాయి, ఒక్కటీ మిగల్లేదు. బల్లమీదే కరెంటు ఇచ్చింది. కెమెరా కిర్రుమంటూ తలెత్తింది... దించింది.

అన్న కెమెరా వైపు వంగి అడిగాడు. "లోపల... ఎవరైనా ఉన్నారా?"

కెమెరా మెల్లగా పైకీ కిందికీ తలాడించింది.

చెల్లెలు పగలబడి నవ్వింది. "అది మోటార్ల పరీక్ష! ఎప్పుడూ అంతే!"

"అయితే ఇంకోటి అడుగుతానుండు. ఏమయ్యా, మా చెల్లెలు మంచి మెకానికేనా?"

కెమెరా కుడికి తిరిగింది. ఎడమకు తిరిగింది. మళ్లీ కుడికి.

ఇద్దరూ బల్ల పట్టుకుని కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వారు. చివరికది గుమ్మం వైపే ఆగింది. ఇంకేం, గెలిచామనుకున్నారు. చెల్లెలు నిచ్చెనెక్కి దాన్ని స్తంభానికి బిగించి దిగింది. ఆమె దుప్పటి మడతపెడుతుంటే, అన్న నిచ్చెనెక్కి, రోజూ చేసే అలవాటు ప్రకారం, కెమెరా పక్కనే టార్చి పెట్టి వెలుగు బీరువా మీద పడేలా సర్ది దిగాడు. అది చీకట్లో ఉండటం అతనికి ఇష్టం లేదు.

ఒంటిగంట కొట్టింది.

కెమెరా మీది ఎర్ర దీపం ఆరింది... వెలిగింది. కిర్ర్‌ర్... కుడికి. కిర్ర్‌ర్... ఎడమకు. గుమ్మం వచ్చింది — ఆగలేదు. దాటింది. ఇంకాస్త... ఇంకాస్త...

బీరువా దగ్గర ఆగింది.

చెల్లెలు ఒక అడుగు వెనక్కి వేసింది. అన్న ఆమె జడ గట్టిగా పట్టుకున్నాడు.

"నవ్వకే!" అన్నాడు గుసగుసగా.

"నవ్వట్లేదు... భయమేస్తోంది!" అంది కిసుక్కుమంటూ.

ఉద్యోగం గుర్తొచ్చి ఆమెకు మొండితనం వచ్చింది. వెనక జడ పట్టుకున్న అన్నను లాక్కుంటూ, అడుగులో అడుగేసి అద్దం ముందుకెళ్లి నిలబడింది. అద్దంలో తను. వెనక మీసం. ఆ వెనక స్తంభం, పైన కెమెరా... దాని పక్కన తాడూ లేకుండా మేకూ లేకుండా వేలాడుతున్న టార్చి.

"అన్నయ్యా, ఆ టార్చి ఎలా నిలబడింది?"

"దాని అడుగున అయస్కాంతం ఉంది కదే. ఇనుము ఉన్నచోటల్లా అతుక్కుంటుంది. చాలా మంచి టార్చి."

చెల్లెలు నేల మీద కూలబడి పొట్ట పట్టుకుంది. నవ్వాగితేగానీ మాట రాలేదు. ఆ టార్చి అయస్కాంతాన్నే తన చోటనుకుని కెమెరా లెక్క తప్పుతోంది! పొద్దున్నే అన్న టార్చి తీసుకుని ఇంటికెళ్లిపోతాడు కాబట్టి పగలు లోపం దొరకలేదు. టార్చి తీసి, కెమెరా స్విచ్చి ఆపి, తిరిగి వేసింది. కెమెరా తిన్నగా గుమ్మం వైపు ఆగింది. మళ్లీ వేసింది. మళ్లీ గుమ్మమే. రేపు జరిగింది చెబితే ఓనరు నోరు మూసుకోవాల్సిందే. ఉద్యోగం నిలిచింది.

"రెండు వారాలు నీ టార్చికి నువ్వే జడుసుకున్నావా!"

అన్నక్కూడా నవ్వాగలేదు. బీరువాకు ఆనుకుని ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నవ్వుతూనే ఆమె అడిగింది.

"అసలు మొదటిరోజు టార్చి అక్కడెందుకు పెట్టావు?"

అన్న కళ్లు తుడుచుకున్నాడు. "ఆ రాత్రి కెమెరా ఉన్నట్టుండి బీరువా వైపు తిరిగింది కదే. అదేం చూస్తోందో నేనూ చూద్దామని..."

చెల్లెలి నవ్వు ఆగిపోయింది.

"అంటే... టార్చి పెట్టకముందే తిరిగిందా?"

అన్న నవ్వూ ఆగిపోయింది. ఇద్దరూ మెల్లగా అద్దం వైపు తిరిగారు.

అద్దంలో ఆ ఇద్దరూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు.