పద్నాలుగో నంబరు సైకిల్

ఎవరో లేచిపొమ్మంటారేమో అన్నట్టు ఆసుపత్రి నర్సమ్మ కుర్చీ అంచునే కూర్చుంది.

"పోలీసులు రాసుకున్నారండీ. సైకిళ్లు పోతూనే ఉంటాయి లెమ్మన్నారు. కానీ అది మామూలు సైకిల్ కాదు. మా పాపకి నడుము కింద బలం లేదు. మా నాన్న దాని ఒంటి కొలత తీసి, వెనక సీటు వెల్డింగ్ చేసి, బెల్టు కుట్టించారు. ఆయన పోయారు. బజారు సీట్లలో పిల్ల నిలవదు. వారమైంది బడి మానేసి."

ఎదురుగా కూర్చున్న డిటెక్టివ్‌ని అందరూ భూతద్దంగారంటారు. ఆయన దగ్గర భూతద్దం లేదు, ఉన్నదల్లా ఒక బావమరిది. ఇరవయ్యేళ్లు గుమాస్తాగిరీ వెలగబెట్టిన ఆ మనిషి ఇప్పుడు బావగారి ప్రతి మాటా పుస్తకంలోకి ఎక్కిస్తుంటాడు. బావగారికి అంతుచిక్కని కేసు ఇంకా పుట్టలేదని అతని నమ్మకం.

"పాప రేపో ఎల్లుండో బడికెళ్తుందమ్మా, దిగులుపడకండి," అని అతనే మాటిచ్చేశాడు. భూతద్దంగారు ఓరగా చూశారు.

ఆసుపత్రి ఎదుటి మున్సిపాలిటీ సైకిల్ స్టాండు అద్దంలా ఉంది. పద్నాలుగో నంబరు కమ్మీ దగ్గర ఆయన వంగి వెతికారు.

"తాళం ముక్క కూడా లేదే. దొంగ కోసిన తాళాన్ని మోసుకుపోతాడా? ఎప్పుడూ ఇక్కడే పెడతారా?"

"తొమ్మిది నుంచి ఐదు దాకా ఇక్కడే ఉంటుందండీ. ఎదురుగా కాపలా గది. నలుగురి కళ్లబడే చోట పెట్టమని ఆ బోర్డే చెప్తోందిగా. పోయింది సోమవారం."

కాపలాదారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. భూతద్దంగారు అడిగారు: "రోజంతా ఉంటావా?"

"కదలనండీ. సోమవారం పదకొండింటికి మాత్రం ఆఫీసులో సంతకం పెట్టి రావాలి. రూలు."

"తాళాలగుత్తికి ఎర్రతాడు భలే చుట్టావే."

"సైకిళ్లకి ఎవరెవరో కాగితాలు కట్టిపోతారండీ, ట్యూషన్లనీ, అద్దె ఇళ్లనీ. కాగితం కనబడితే నాకు మెమో ఇస్తారు. చించేసి, తాడు గట్టిగా ఉంటే దాచుకుంటా."

ఆ ఎర్రతాడు బావమరిది కూడా చూశాడు. ఇరవయ్యేళ్లు దాంతోనే ఫైళ్లు కట్టాడు. అయినా తట్టలేదు.

రెండు రోజుల తర్వాత భూతద్దంగారు కాపలా గదిలో అందర్నీ కూర్చోబెట్టారు. మున్సిపల్ ఇన్‌స్పెక్టర్ కూడా వచ్చాడు.

"ఇందులో దొంగ లేడు," అన్నారాయన. "మూడు సోమవారాలు ఒకే నంబరులో ఒకే సైకిల్ కనబడితే, మున్సిపాలిటీ రూలు ప్రకారం దాన్ని ఎవరో వదిలేసి పోయినట్టు లెక్క. ఇన్‌స్పెక్టరుగారు వచ్చేది పదకొండింటికి. ఆ వేళకి ఈమె ఆసుపత్రి డ్యూటీలో ఉంటుంది, ఇతను ఆఫీసులో సంతకం పెడుతుంటాడు. జాగ్రత్తపడి ఒకేచోట పెట్టడమే ఆమె చేసిన పాపం."

"నోటీసు కట్టి వారం గడువిచ్చాం కదండీ," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఆ తర్వాతే తాళం కోసి తీసుకెళ్లాం."

"కట్టారు, ఆఫీసు ఎర్రతాడుతో. సంతకం పెట్టి వచ్చిన ఇతను దాన్ని చించేశాడు. మీరు కట్టడమూ రూలే, ఇతను చించడమూ రూలే."

కాపలాదారు గోడకి జారగిలబడ్డాడు. "రోజుకి వంద కాగితాలు. అన్నీ చదువుతూ కూర్చుంటే పని తెమలదని చదవలేదమ్మా," అన్నాడు.

నర్సమ్మకి ఈ వివరం ఏదీ అక్కర్లేదు. "ఇప్పుడెక్కడుంది?"

ఇన్‌స్పెక్టర్ తలొంచుకున్నాడు. "మొన్న మధ్యాహ్నం తుక్కు కింద నలిపేశారమ్మా."

బావమరిది పుస్తకంలో పేజీ వెనక్కి తిప్పాడు. మొన్న మధ్యాహ్నం తామిద్దరూ ఇక్కడే నిలబడి తాడు గురించి మాట్లాడారు. "ఎవరి మీద కేసు పెడదాం బావగారూ?" అన్నాడు.

"ఎవరి మీదని పెడతాం? తప్పు చేసినవాడు ఒక్కడూ దొరకడం లేదు."

ఇన్‌స్పెక్టర్ చెడ్డవాడేం కాదు. సంచిలోంచి ఫారం తీసి, పరిహారానికి అర్జీ పెట్టమన్నాడు. నర్సమ్మ పేరు రాసింది, చిరునామా రాసింది. మూడో గడి దగ్గర పెన్ను ఆగిపోయింది.

"'సైకిల్‌ని వదిలేయడానికి కారణం' అని ఉందండీ. ఏం రాయను?"

"అది ఖాళీగా ఉంటే అర్జీ తీసుకోరమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా.

ఆమె భూతద్దంగారి వైపు తిరిగింది. బావమరిది కూడా పుస్తకం తెరిచి, బావగారు చెప్పబోయేది రాసుకోవడానికి సిద్ధంగా నిలబడ్డాడు. ఆయన ఫారం అందుకుని మూడో గడి మరోసారి చదివారు.